గోదావరి ఆల్చిప్పలు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

గోదావరి నీరు తగ్గి ఇసుక మేటలు బయలుపడు దినములలో రామగుండము, గోదావరిఖని, మంథని ప్రాంతముల రేవులయందు నడచువారి పాదములకు తఱచుగా తగులునది ఆల్చిప్ప. కొన్ని తావుల దీనిని ఆలిచిప్ప యనియు, గుల్ల యనియు వ్యవహరింతురు. మామిడికాయ చెక్కు తీయుటకును, పాలకుండకు అంటిన మీగడను గీకుటకును దీనిని వాడుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. విశాలమైన కన్నులను ఆల్చిప్పలతో పోల్చుటయు మనకు వాడుకయే. ఇంత పరిచయ మున్నను, ఆ చిప్పలో నుండు జంతువు ఎట్టిది, అది యేమి తిని బ్రతుకును, దానివలన సేద్యగానికి కలుగు లాభ మేమి, అది నశించినచో తెలియవచ్చు కీడేమి యను సంగతులు ఎఱిగినవారు మిక్కిలి కొద్దిమంది. ఏటి యొడ్డునను, చెఱువు క్రిందను భూములు గల పట్టాదారులు వీనిని తెలిసికొనుట వారి నీటికే మేలు.

మొదట నత్తకును ఆల్చిప్పకును గల భేదమును గ్రహింపవలయును. నత్తకు గుల్ల యొక్కటియే. అది మెలికలు తిరిగి యుండును. నత్త రాళ్లమీదను, నాచుమీదను, వరి మొదళ్లమీదను ప్రాకుచు మేయును. ఆల్చిప్పకు చిప్పలు రెండు. తలుపు రెక్కలు బందులచే కూడియున్నట్లు అవి వీపువైపున సాగుడు గల యొక బందుచే కూడియుండును. లోపల బలమైన రెండు కండరములు ఉండి, ఆపద తోచినపుడు చిప్పలను బిగించి మూయును. చచ్చిన ఆల్చిప్ప నోరు తెఱచుకొని యుండుటకు కారణ మిదియే; కండరములు పట్టు విడువగనే బందు చిప్పలను విడదీయును. కాబట్టి తాకినను మూసికొననిది చచ్చిన దని తెలియవలయును. ఈ జంతువునకు తల లేదు, కన్నులు లేవు, పండ్లు లేవు. నాలుకవలె నుండు మెత్తని పాద మొకటి మాత్రము కలదు. దానిని ఇసుకలో చొప్పించి, కొన నుబ్బించి, దేహమును ముందునకు లాగికొనును. లోతు తక్కువ నీటిలో ఇసుకపై నాగటిచాలు వంటి సన్నని గీత వంకరటింకరగా పోయి యొక చోట ఆగిపోయినచో, ఆ చివర వ్రేళ్లతో త్రవ్విన ఆల్చిప్ప దొరకును.

గోదావరిలోను, దాని యుపనదులలోను, దక్కను చెఱువులలోను ఉండు తెగలలో రెండింటిని రైతు సులభముగా గుర్తింపగలడు. ఒకటి నిడుపాటిది, నునుపైనది. వెలుపల నలుపు కలసిన గోధుమవన్నె, లోపల నీలి చాయగల తెలుపు. పెద్దది నాలుగంగుళముల వఱకు పెరుగును. శాస్త్రజ్ఞులు దీనిని లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అందురు. 1819లో లామార్క్ అను ఫ్రెంచి పండితుడు దీనిని మొదట వర్ణించెను. రెండవది పొట్టిది, గుండ్రనిది, దళసరి చిప్ప గలది. దాని మూపు దగ్గఱ వంకరలుగా ముడుతలు కనబడును. దీని పేరు పారేసియా కొరుగాటా. దీనిని 1774లోనే ముల్లర్ అను పండితుడు వర్ణించెను. మొదటిది బురద నేలను, నెమ్మదిగా నుండు నీటిని ఎక్కువగా కోరును. రెండవది ఇసుక కలిసిన నేలలో, పాఱు నీటిలో తఱచుగా నుండును. మన దేశపు మంచినీటి చిప్ప జంతువులన్నిటిని గూర్చి ఎన్.వి. సుబ్బారావు రచించిన గ్రంథమును భారత జంతుశాస్త్ర పరిశీలన సంస్థవారు 1989లో ప్రకటించిరి. ఈ రెండు తెగలును అందు కలవు.

ఆల్చిప్ప ఆహారము కొఱకు తిరుగదు. నీటినే తనలోనికి రప్పించుకొనును. ఇసుకలో సగము పూడి, వెనుకకొనను మాత్రము పైకి నిలిపి యుండును. ఆ కొనయందు రెండు రంధ్రములు కలవు. ఒకదానిచే నీరు లోనికి పోవును, రెండవదానిచే వెలుపలికి వచ్చును. నడుమ ఆ నీరు మొప్పలమీదుగా ప్రవహించును. మొప్పలు జల్లెడవలె పనిచేసి, నీటిలోని సూక్ష్మమైన నాచు కణములను, క్రిములను, కుళ్లిన ఆకుల పొడిని పట్టి నోటికి అందించును. తినదగని మన్ను జిగురుతో ఉండగట్టి అడుగున పడిపోవును. బాగుగా పెరిగిన పెద్ద ఆల్చిప్ప దినమునకు కొన్ని పదుల లీటర్ల నీటిని ఇట్లు వడకట్టగల దని లెక్కవేసియున్నారు. నూఱు చిప్పలున్న మడుగులో దినమునకు ఎన్ని కడవల నీరు తేఱుచున్నదో రైతు తానే గుణించుకొనవచ్చును. ఈ పనికి కూలి లేదు, శిస్తు లేదు.

అయితే ఇట్లు నీటిని తన దేహము గుండ పోనిచ్చుటచే నీటిలోని చెడుగును గూడ అదియే మొదట అనుభవించును. సీసము, పాదరసము వంటి లోహములు దాని మాంసములో చేరి నిలిచిపోవును. అందుచే కర్మాగారముల కాలువలు, గనుల నీరు, పట్టణపు మురుగు కలియు తావులందలి ఆల్చిప్పలను మనుష్యులు తినుటయు, బాతులకు వేయుటయు మంచిది కాదు. నీరు కంటికి తేటగా కనబడుట దీనికి సమాధానము కాదు. కరగిన లోహము కంటికి కనబడదు.

ఇక దీని సంతానమును గూర్చి చెప్పవలసి యున్నది. ఇది కొంత వింతగా నుండును గాని, రైతు ముఖ్యముగా తెలిసికొనవలసిన భాగ మిదియే. ఆల్చిప్పలలో ఆడ మగ వేఱువేఱుగా నుండును. మగది బీజమును నీటిలో విడుచును. ఆడది నీటితోకూడ దానిని లోనికి తీసికొని, గ్రుడ్లను తన మొప్పలలోనే పొదుగును. వేలకొలది పిల్లలు అచ్చట తయారగును. ఒక్కొక్కటి సామాన్యముగా మిల్లీమీటరులో మూడవవంతునకు మించదు. వీనిని తల్లి నీటిలోనికి విడిచినపుడు, అవి తమంతట తాము బ్రతుకజాలవు. కొద్ది దినములలోగా ఏదేని చేప మొప్పనో, రెక్కనో పట్టుకొనవలయును, లేనిచో చచ్చును. పట్టుకొన్నచో చేప చర్మము వానిమీద పొరవలె క్రమ్మును. ఆ పొరలో కొన్ని దినములో, కొన్ని వారములో ఉండి, రూపు మాఱి, చిన్న ఆల్చిప్పయై ఇసుకలోనికి జాఱిపడును. చేపకు దీనివలన సామాన్యముగా చెప్పదగిన హాని లేదు. 1797లో రాత్కే అను పండితుడు ఈ పిల్లలను చూచి, ఇవి ఆల్చిప్ప నాశ్రయించి బ్రతుకు వేఱొక పురుగు అని భ్రమపడి వానికి ప్రత్యేకముగా పేరుకూడ పెట్టెను. తల్లి మొప్పలలోనున్న పిల్లలనే అతడు పరాన్నభుక్కు లనుకొనెను!

దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. చేప లేనిచోట ఆల్చిప్పకు సంతతి లేదు. చేప పోజాలని చోటికి ఆల్చిప్పయు పోజాలదు. ఏలయన ప్రవాహమునకు ఎదురుగా దాని పిల్లలను కొనిపోవు వాహనము చేపయే. అడ్డుకట్ట కట్టి చేపల రాకపోకలు నిలిపినచో, పైభాగమందలి ఆల్చిప్పలు క్రిందివానితో సంబంధము కోల్పోవును. మందు కలిపి, లేక దోమతెర వంటి సన్నవలలతో చిఱుచేపలనుగూడ తుడిచిపెట్టి చేపలు పట్టు చోట్ల ఆల్చిప్పకు ఎవ్వరును ఏమియు చేయకయే దాని వంశము తెగును.

పెద్ద ఆల్చిప్పలు మాత్రము వెంటనే చావవు. అవి కొన్ని సంవత్సరములు అట్లే యుండును. చూచువారు ఇచ్చట ఆల్చిప్పలకు కొదువ లేదని అనుకొందురు. ఊరిలో ముసలివారే మిగిలి, తొట్టెలలో పిల్లలు లేకున్న ఆ ఊరు ఎంతకాలము నిలుచును? ఆల్చిప్పల తావు సంగతియు నిట్టిదే. అందుచే నీటిని పరీక్షింప గోరు రైతు చిప్పలెన్ని యున్నవని గాక, చిన్నవి యున్నవా యని చూడవలయును. ఇందుకు ఖర్చు లేదు. ఫాల్గుణ చైత్ర మాసములలో నీరు మోకాటిలోతునకు దిగినపుడు, నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చదరమును పుల్లలతో గుర్తు పెట్టి, అందలి ఇసుకను జేనెడు లోతువఱకు వ్రేళ్లతో కెలకి, దొరికినవన్నియు ఒక పళ్లెములో నీరుపోసి అందు వేయవలయును. సన్నని పిల్లలకై ఆ ఇసుకను జల్లెడ పట్టుట మఱియు మంచిది. బొటనవ్రేలి గోరంతవి, దానికంటె చిన్నవి, నడితరమువి, పెద్దవి అన్నియు కలిసి దొరికినచో ఆ తావు క్షేమము. పెద్దవే దొరికి చిన్న వొక్కటియు లేకున్నచో, కొన్నియేండ్లుగా అచ్చట పిల్లలు బ్రతుకుట లేదని అర్థము. నీటియందో, చేపయందో, అడుగు నేలయందో లోపము కలిగినది. ఒక్క చదరము చూచి తీర్మానింపక నాలుగైదు తావుల చూడవలయును. చూచిన పిమ్మట వానిని తీసినచోటనే మరల ఉంచవలయును.

ఈ పరీక్ష రామగుండము ప్రాంతమున ఎందుకు అవసరమో చెప్పుటకు ఇచ్చటి నది యొక్క ఇటీవలి చరిత్రను కొంత జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వమువారు దానిలో అధికభాగపు వాటాలను కొనిరి. గోదావరిఖని గనులు 1960 ప్రాంతమున ప్రారంభమైనవి. 1983 మొదలుకొని రామగుండములో జాతీయ ఉష్ణవిద్యుత్ సంస్థవారి విద్యుత్కేంద్రము పనిచేయుచున్నది. బొగ్గు పొడియు, బూడిదయు, గనులపై తీసిన మట్టికుప్పలనుండి వానకు కొట్టుకొనివచ్చు ఒండ్రును ఎక్కడ నీటిలో కలిసినను ఫలము ఒక్కటే. ఆల్చిప్ప మొప్పలు మూసికొనిపోవును. ఇసుక రేణువుల నడుమ నుండు సందులు పూడి, చిన్నపిల్లలకు ఊపిరి చాలకపోవును. పెద్దది ఇంత ఒండ్రును ఓర్చుకొనును, పిల్ల ఓర్వజాలదు.

దీనికంటెను ఎక్కువ మార్పు ఆనకట్టలవలన కలిగినది. రామగుండమునకు ఎగువ ఎల్లంపల్లి వద్ద శ్రీపాద సాగరపు పని 2004లో మొదలిడి, దానియందు సుమారు 2000 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలువజేయునట్లు కట్టిరి. 2019లో దిగువ సుందిళ్ల, అన్నారము, మేడిగడ్డ ఆనకట్టలు వాడుకలోనికి వచ్చినవి. అంతకు ముందు వేసవిలో పాయలుగా చీలి ఇసుక తేలు గోదావరిఖని రేవున సుందిళ్ల వెనుకనీరు నిలిచినది. 2023 అక్టోబరు 21వ తేదీన మేడిగడ్డ ఆనకట్టలో కొన్ని స్తంభములు క్రుంగినవి. ఆ పిమ్మట సుందిళ్ల, అన్నారము ఆనకట్టల తలుపులును తెఱచి నీటిని విడిచిరి. ఇసుక మరల తేలినది. కట్టడముల మంచిచెడ్డలు ఈ పత్రమున చర్చింపదగినవి కావు. ఆల్చిప్ప దృష్టిలో జరిగిన దేమనగా, పాఱు నీరు మొదట నిలువనీ రాయెను, తరువాత నిలువనీరు శీఘ్రముగా దిగిపోయెను.

నీరు నెమ్మదిగా దిగినపుడు ఆల్చిప్ప నీటి వెంబడి లోతునకు నడచును, లేదా తడి బురదలో దిగి చిప్పలు బిగించుకొని తొలకరివఱకు నిద్రవలె నుండును. ఎండిన చెఱువు అడుగున గడ్డపార వేసినపుడు బ్రతికిన ఆల్చిప్పలు దొరకుట రైతులు ఎఱుగుదురు. కాని దినమంతయు నడచినను అది సామాన్యముగా కొన్ని గజములకు మించి పోజాలదు. నీటి అంచు దానికంటె వేగముగా వెనుకకు పోయినపుడు, ముఖ్యముగా అడుగు ముతక ఇసుకయై తేమ నిలువనిచోట, అది మేటపై చిక్కి ఎండకు చచ్చును. కాకులును, కొంగలును చేరు తావులను చూచినచో ఇట్టివి కనబడును. ఇసుక తీయు యంత్రములును ఇట్టి కీడే చేయును. ఇసుకతోకూడ బ్రతికినవియు బండ్లకెక్కి పోవును.

ఈ ప్రాంతమునకును ఇట్టి జంతువులకును గల పరిచయము మిక్కిలి పాతది. ఆసిఫాబాదు సమీపమందలి మాలేరి గ్రామమువద్ద ఎఱ్ఱమట్టి రాళ్లలో ఏటి ఆల్చిప్పల జాతికి చెందినవి శిలలై దొరకినవి. సాహ్నీ, తివారీ అను భూగర్భశాస్త్రజ్ఞులు వానిని 1958లో వర్ణించిరి. ఆ రాళ్ల వయస్సు ఇరువది కోట్ల సంవత్సరములకు పైబడినది. బొగ్గు పొరలు అంతకంటెను పాతవి. అనగా నేడు గోదావరి పాఱు ఈ పల్లపు నేలలో అప్పుడును నదులు పాఱినవి, వానియందు చిప్పలు ఇసుకలో నాటుకొని నీరు వడకట్టినవి.

ఇక చచ్చిన చిప్పల యుపయోగము. చిప్ప ఇంచుమించు అంతయు సున్నపురాతి ద్రవ్యమే. ఖాళీచిప్పలను బొగ్గుతోనో కట్టెతోనో వరుసలు వరుసలుగా పేర్చి బట్టీలో కాల్చి, నీరు చల్లిన గుల్లసున్నము తయారగును. ఇది గోడలకును, తాంబూలమునకును పనికివచ్చును. కాల్చనవసరము లేకయే దంచి, గోధుమ గింజంత ముక్కలుగా జల్లించి గ్రుడ్లు పెట్టు కోళ్లకు వేసినచో గ్రుడ్ల పెంకు గట్టిపడును. పులుపు గుణముగల ఎఱ్ఱచల్కలకు పొడిచేసి చల్లవచ్చును. నల్లరేగడికి ఇది అక్కఱలేదు, ఆ నేలలో సున్నము ముందే యుండును. వీనికన్నిటికిని ఇసుక మేటలపై పడియున్న ఖాళీచిప్పలే చాలును. బ్రతికినవానిని పట్టి, ఉడికించి, మాంసము పాఱవేసి చిప్పలు తీయువారు కొన్ని రూపాయల సున్నమునకై కొన్నియేండ్ల పెరుగుదలను కాల్చుచున్నారు.

బ్రతికినవానిని ఆ విధముగా తీసిన ఫలము అమెరికా దేశపు చరిత్రలో చూడవచ్చును. అయోవా రాష్ట్రమున మిసిసిపి నది యొడ్డున మస్కటీన్ అను పట్టణము కలదు. 1891లో బోపుల్ అను జర్మను పనివాడు అచ్చట ఏటి ఆల్చిప్పలనుండి చొక్కా గుండీలు కోయు పని ప్రారంభించెను. 1905 నాటికి ఆ యొక్క పట్టణమే సంవత్సరమునకు 150 కోట్ల గుండీలు చేయుచుండెను. చిప్పలను టన్నుల లెక్కను ఏటినుండి తీసిరి. శీఘ్రముగా తావులు వట్టిపోయినవి. 1908లో ఆ దేశపు శాసనసభ, సమీపమున ఫేర్‌పోర్టు వద్ద ఆల్చిప్పలను చేపలపై పెంచి నదిలో విడుచుటకు ఒక పరిశోధనశాల నేర్పఱచుటకు ఉత్తరువిచ్చెను. ఎంత పాటుపడినను పూర్వపు సమృద్ధి తిరిగి రాలేదు. తుదకు ప్లాస్టిక్ గుండీలు వచ్చి ఆ వ్యాపారమే అంతరించెను. మన దేశములో బీహారునందలి మెహసీ గ్రామముకూడ ఏటి చిప్పల గుండీలకు ప్రసిద్ధి కెక్కినదే.

ముత్యములను గూర్చి రైతులకు ఆశలు పెట్టువారు ఎక్కువగుచున్నందున కొంత వివరించుట మంచిది. స్వాతికార్తెలో చినుకు చిప్పలో పడి ముత్య మగు నని పెద్దలు చెప్పుదురు. ఆ మాట చెవికి ఇంపుగా నున్నది గాని, నిజము వేఱు. చిప్ప లోపలి మెఱుగును తయారుచేయు చర్మపుపొర యందు ఏదేని పురుగో, నలుసో చొచ్చి బాధించినపుడు, ఆ పొర దానిచుట్టును అదే మెఱుగును పూతలు పూతలుగా పూయును. ఆ ముద్దయే ముత్యము. నదిలో తమంతట తామే దొరకు ముత్యములు అరుదు. దొరికినను తఱచుగా సన్నవి, వంకరవి. వేయి చిప్పలు కోసి చూచినవాడు వేయి జంతువులను చంపినవా డగును గాని ధనవంతుడు కాడు.

హైదరాబాదు ముత్యముల వ్యాపారమునకు పేరుగన్నది. పూర్వము అచ్చటికి వచ్చినవి పర్షియా సింధుశాఖయందలి సముద్రపు ముత్యములు. వానిని బస్రా ముత్యము లనిరి. నేడు బజారులో నున్నవి చాలభాగము చైనాలో మంచినీటి చిప్పలయందు పెంచినవి. మన దేశమున భువనేశ్వరమునకు చేరువ కౌసల్యాగంగయందలి కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధనశాలవారు 1980 తరువాతి సంవత్సరములలో ముత్యముల సేద్యమునకు పద్ధతి నేర్పఱచిరి. పైన చెప్పిన రెండు తెగలును అందుకు పనికివచ్చును. చిప్పను కొంచెము తెఱచి, లోపల బీజమును నేర్పుతో ఉంచి, కొన్ని దినములు కనిపెట్టి, పిమ్మట సంచికి రెండు చొప్పున నైలాను సంచులలో పెట్టి, చెఱువులో గజము లోతున వ్రేలాడగట్టుదురు. హెక్టారునకు 20 వేలనుండి 30 వేలవఱకు పెంచవచ్చు నందురు. పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలు వేచియుండవలయును. కొన్ని చచ్చును, కొన్ని బీజమును వెలుపలికి నెట్టివేయును. పని నేర్చినవారికి ఇది యొక వృత్తియే. కాని నేర్వకయే పెట్టుబడి పెట్టుమని తొందరపెట్టువారి మాట నమ్మరాదు. ముత్యములను తామే కొందు మని వ్రాసియిచ్చువారిని, ఎంత ధరకు, ఏ మేలిరకమునకు, ఎప్పు డని మూడు ప్రశ్నలు అడుగవలయును. పెంపకమునకు కావలసిన చిప్పలను నదినుండి గంపలకొలది తీసి అమ్ముటయు తగదు. తన చెఱువులో పుట్టినవానితో చేయునదియే సేద్యము. ఏటిలోనివానిని దోచితెచ్చుట వేట.

రైతు చేతిలోనున్న మఱికొన్ని సంగతులు కలవు. పశువులకు కాలేయపు జలగరోగము వచ్చినపుడు కొందఱు చెఱువులోని గుల్లజాతి నంతను తప్పుపట్టి, మైలతుత్తము గుమ్మరింతురు. ఆ రోగబీజమును మోయునది నత్త. ఆల్చిప్పకు దానితో సంబంధము లేదు. మైలతుత్తము నత్తనే గాక ఆల్చిప్పను, చేపపిల్లలను గూడ చంపును. మితి తప్పినచో ఆ నీరు త్రాగు పశువులకును చెఱుపే. పశువులను చిత్తడి అంచుల మేపక, పశువైద్యునిచే మందు త్రాగించి, బాతులను విడిచి నత్తలను తినిపించుట మేలైన మార్గము.

యూరియా చల్లిన మడినుండి వెంటనే నీరు దిగువకు వదలరాదు. యూరియానుండి పుట్టు అమోనియా ఆల్చిప్ప పిల్లలకు మిక్కిలి విషము. చేపలకంటెను ఇవి దానికి తొందరగా లోబడును. నీటిని మడిలోనే నిలుపుకొన్నవాడు తాను వెలపెట్టి కొన్న ఎరువును గూడ నిలుపుకొన్నవాడే. పురుగుమందు డబ్బాలను, చల్లు పంపులను కాలువలోను, చెఱువులోను కడుగుట మాని, కడిగిన నీటిని ఆ పైరుమీదనే చల్లివేయవలయును. ఒక్క కడుగుడు నీరు ఏమి చేయు నని అనుకొందురు. ఒకే ఉదయమున ఒకే రేవున పదిమంది కడిగినప్పుడు అది యొక్క కడుగుడు కాదు.

చెఱువు తుదినీరు చేపలకై తోడునపుడు నడుమ నొక లోతుగుంటలో జానెడు నీరైనను మిగుల్చుట మంచిది. గట్టున చిక్కిన ఆల్చిప్పలను తడిపిన గోనెలో వేసి నీడలో ఉంచి, చల్లని వేళ ఆ గుంట అంచున సగము పూడునట్లు బురదలో గ్రుచ్చవలయును; కుప్పగా విసరివేసినచో అడుగునవి ఊపిరాడక చచ్చును. తెలంగాణములో 2015 మొదలుకొని మిషన్ కాకతీయ క్రింద చాల చెఱువుల పూడిక తీసిరి. ఆ మట్టిని రైతులు పొలములకు తోలుకొనిరి. ఇప్పటికిని పూడికమట్టి తోలునపుడు బండి నింపుటకు ముందు పిల్లలచేత బ్రతికినవానిని ఏరించి నీటిలో వేయింపవచ్చును. ఖాళీచిప్పలు మెట్టచేనికి పోయిన చింతలేదు, నాగటి క్రింద విఱిగి మెల్లగా నేలలో కరగును. తరిపొలమునకు పోవు మట్టిలోనివానిని మాత్రము ఏరి గట్టుమీద వేయవలయును. విఱిగిన చిప్ప అంచు కత్తివంటిది, నాట్లు వేయు స్త్రీల పాదములను కోయును.